రాజు కారణమా, కాలము కారణమా? – చీనా దేశపు మింగ్ వంశము

రాజ్యము కూలినపుడు రాజును నిందింపవలయునా, కాలమును నిందింపవలయునా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. శాంతిపర్వమున అంపశయ్యపై నున్న భీష్మ పితామహుడు ధర్మరాజునకు రాజధర్మములు బోధించుచు ఈ ప్రశ్నను తానే లేవనెత్తి, సంశయమునకు తావీయక, రాజే కాలమునకు కారణమని తీర్పు చెప్పెను. దండనీతిని రాజు సంపూర్ణముగ నడపినచో కృతయుగము, సంపూర్ణముగ విడిచినచో కలియుగము ప్రవర్తిల్లునని ఆయన వివరణము.

వినుటకు ఈ మాట సులభమే. కాని ఒక వంశము 276 సంవత్సరములు రాజ్యమేలి, పదునారుగురు చక్రవర్తులను సింహాసనముపై నిలిపి, తుదకు కూలినదనుకొందము. ఆ పదునారుగురిలో కారణమైన రాజెవడు? తొలివాడా? కడపటివాడా? నడుమ సుఖముగ నిద్రించినవారా? కర్మ విషయమున మన శాస్త్రకారులందరును అంగీకరించిన నియమ మొకటి కలదు. చేసిన కర్మ ఫలమీయక నశింపదు. చేయని కర్మకు ఫలము ప్రాప్తింపదు. అట్లయినచో, ఎన్నడో గతించిన మూలపురుషుని దోషమునకు కడపటి వారసుడు చెట్టుకొమ్మకు ఉరివేసికొనుట ఎట్లు న్యాయమగును?

మన పురాణములలోని వంశములను గూర్చి ఈ విచారణ చేయవచ్చును. కాని అచ్చట శాపములును, వరములును, అవతార ప్రయోజనములును పెనవేసికొని యుండుటచే మానుషమైన కారణమును వేరుచేసి చూపుట కష్టము. చీనా దేశీయులు మాత్రము తమ రాజుల దినచర్యలను, ఆజ్ఞలను, మంత్రుల విన్నపములను వ్రాసి భద్రపరచుకొన్న జాతి. అందుచే క్రీ.శ. 1368 నుండి 1644 వరకు అచ్చట ఏలిన మింగ్ వంశమును ఉదాహరణముగ గ్రహించితిని. ఆ నామములు మన నాలుకకు అలవాటు లేనివి; పాఠకులు కొంచెము ఓపిక వహింతురుగాక.

మొదట ఆ దేశపు రాజధర్మమును గూర్చి ఒక మాట. స్వర్గము అర్హుడైనవానికి రాజ్యాధికారమును ఆజ్ఞారూపమున ప్రసాదించుననియు, అతడు అనర్హుడైనచో దానిని ఉపసంహరించుకొని మరియొకరికి ఇచ్చుననియు వారి విశ్వాసము. క్రీస్తుకు పూర్వము పదునొకండవ శతాబ్దమున జౌ వంశీయులు తమకు ముందున్న షాంగ్ రాజులను పడద్రోసి, తమ చర్యను ఈ సిద్ధాంతముచే సమర్థించుకొనిరి. క్షామము, వరద, భూకంపము వచ్చినపుడు స్వర్గము అలిగినదని జనులు తలంచెడివారు. చూడగా ఇది భీష్ముని తీర్పునకు సమీపముననే యున్నది. రాజు చెడెను గనుక కాలము చెడెను.

మింగ్ వంశ స్థాపకుడు జు యువాన్‌జాంగ్. 1328లో నేటి అన్‌హుయి ప్రాంతమున, ఇతరుల పొలమును కౌలునకు దున్నుకొను నిరుపేద యింట పుట్టెను. 1344లో అనావృష్టి, మిడుతలు, మహమ్మారి ఒక్కుమ్మడిగ వచ్చిపడెను. కొద్ది వారములలో తండ్రి, తల్లి, పెద్దయన్న మరణించిరి. శవములను పూడ్చుటకు జానెడు నేల లేదు. భూస్వామి నిరాకరించెను, పొరుగువాడొకడు జాలిపడి చోటిచ్చెను. శవపేటికలు లేవు, చినిగిన బట్టలే చుట్టిరి. చక్రవర్తియైన పిదప తల్లిదండ్రుల సమాధికడ శిలాశాసనము నిలుపవలసి వచ్చినపుడు, ఆస్థాన పండితుల అలంకారములు సత్యమును కప్పివేయునని ఇతడు తలంచి, ఈ దైన్యమునంతయు స్వయముగ వ్రాసి చెక్కించెను. వంశావళిని సూర్యునితోనో చంద్రునితోనో ముడిపెట్టుకొను అవకాశముండియు, ఆకలితో చచ్చిన తండ్రిని ఆకలితో చచ్చినవానిగనే చెప్పిన రాజు నా యెరుకలో మరియొకడు లేడు.

దిక్కులేని ఆ పదునారేండ్ల బాలుడు సమీపమున నున్న బౌద్ధ విహారమున చేరెను. అచ్చటను ధాన్యము నిండుకొనుటచే కొలది వారములకే భిక్షాపాత్ర చేతికిచ్చి పంపివేసిరి. కొన్ని సంవత్సరములు ఊరూర యాచించెను. అప్పుడు చీనాను ఏలుచున్నవారు మంగోలు జాతీయులైన యువాన్ వంశీయులు. దేశమంతట తిరుగుబాట్లు చెలరేగుచుండెను. 1352లో ఈ భిక్షువు ఎర్ర తలపాగాల దళమున చేరెను. 1356లో నాన్‌జింగ్‌ను పట్టుకొనెను, 1363లో పోయాంగ్ సరస్సుపై నౌకాయుద్ధమున ప్రబలుడైన ప్రత్యర్థిని జయించెను, 1368లో చక్రవర్తియయ్యెను. వంశమునకు ‘మింగ్’ అని పేరిడెను. ప్రకాశమని దాని యర్థము. అతని పాలనాకాలమునకు హాంగ్‌వు అని పేరు.

ఇతడు రైతును మరువలేదు. చెరువులు, కాలువలు బాగుచేయించెను, పాడువడిన భూములలో జనులను నెలకొల్పెను, చెట్లు నాటించెను. లంచగొండి ఉద్యోగిని గ్రామస్థులే బంధించి రాజధానికి కొనిరావచ్చునని అనుమతించెను. ఇంతవరకు భీష్ముడు మెచ్చుకొనదగిన రాజే. కాని బాల్యమున ఎవరును ఆదుకొననివానికి పెద్దతనమున ఎవరిని నమ్ముటకును మనసొప్పదు కాబోలు. 1380లో ప్రధానామాత్యుడైన హు వెయ్‌యోంగ్ ద్రోహము తలపెట్టెనని చంపించెను. ఆ నేరముతో సంబంధమున్నదని కొన్నేండ్లపాటు జనులను వెదకి వెదకి చంపించుచునే యుండెను. హతుల సంఖ్య సుమారు ముప్పది వేలని చెప్పబడుచున్నది. 1393లో లాన్ యు అను సేనాని పేర మరల అట్టి సంహారమే జరిగెను.

అంతటితో ఆగలేదు. ప్రధానామాత్య పదవినే రద్దుపరచి, తన సంతతివారెవరును దానిని పునరుద్ధరింపరాదనియు, పునరుద్ధరింపుమని సలహానిచ్చిన వానికి మరణదండన యనియు శాసించెను. ఇక రాజ్యభారమంతయు ఒక్కని భుజములపై పడెను. 1384లో ఎనిమిది దినముల వ్యవధిలో వేయికి పైబడిన విన్నపపత్రములను, మూడు వేలకు పైబడిన విషయములను ఇతడు స్వయముగ పరిష్కరించినట్లు లెక్క యున్నది. ఒంటి చక్రముతో బండి నడువదను భావమును కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజునకు సహాయుల ఆవశ్యకతను గూర్చి చెప్పుచు వెల్లడించినాడు. హాంగ్‌వు ఆ బండిని తన జీవితాంతము ఒంటి చక్రముతోనే నడిపెను. అది అతని దేహబలము. కాని దేహబలమును శాసనముగ వ్రాసి సంతతికి సంక్రమింపజేయ శక్యమా?

పండితులకు ఆసక్తి కలిగించు విషయమొకటి ఇచ్చట చెప్పవలయును. చీనా విద్యార్థులకు మెన్షియస్ అను ప్రాచీన ఆచార్యుని గ్రంథము నిత్యపాఠ్యము. రాజుకంటె ప్రజ మిన్నయను భావము అందు స్పష్టముగ కలదు. హాంగ్‌వునకు అది రుచింపలేదు. 1394లో ఆ గ్రంథమునుండి 85 భాగములను తొలగింపించి, మిగిలినదానినే చదువవలయునని విధించెను. తనకు నచ్చని శ్లోకములను వదలి గీతను పారాయణ చేయించిన యజమాని వంటివాడనవచ్చును.

అతడు మిక్కిలి అవిశ్వసించిన వర్గము మరియొకటి కలదు. అంతఃపురమున సేవచేయు నపుంసకులు, మన నాటకములలో వర్షవరులని పేర్కొనబడినవారు. వారు రాజకార్యములలో తలదూర్చినచో శిరచ్ఛేదమని ఇనుప ఫలకముపై వ్రాయించి రాజద్వారమున నిలిపెను. ఈ ఫలకమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

1398లో హాంగ్‌వు మరణించెను. మనుమడు రాజయ్యెను, నాలుగేండ్లలో పినతండ్రి అతనిని పడద్రోసి యోంగ్లె అను పేర రాజ్యమునకు వచ్చెను. పట్టాభిషేక ప్రకటనమును వ్రాయుమని ఫాంగ్ షియావోరు అను పండితుని ఆజ్ఞాపింపగా, ఆయన కలమును నేలపై విసరి, ప్రాణము పోయినను వ్రాయననెను. ప్రాణము పోయినది. అయినను యోంగ్లె కాలము వైభవోపేతము. బీజింగ్ రాజప్రాసాదము 1406 నుండి 1420 వరకు నిర్మింపబడెను. 1405 మొదలు జెంగ్ హె నాయకత్వమున నౌకాబృందములు ఏడుమార్లు సముద్రయానము చేసి మన కోళిక్కోడునకును, ఆ పైని పశ్చిమ తీరములకును పోయివచ్చెను. ఈ జెంగ్ హె యును వర్షవరుడే.

వైష్ణవులు వినదగిన ముచ్చట యొకటి కలదు. జెంగ్ హె సింహళమున నిలిపిన శిలాశాసనము 1911లో గాలే పట్టణమున బయల్పడి, కొలంబో వస్తుప్రదర్శనశాలకు చేరినది. 1409 నాటి ఆ శాసనము మూడు భాషలలో నున్నది. చీనా భాగమున బుద్ధునకును, పారసీక భాగమున అల్లాకును, తమిళ భాగమున తెనవరై నాయనారు అను పేర ఆ ద్వీపమున అర్చింపబడిన శ్రీ మహావిష్ణువునకును చక్రవర్తి తరఫున కానుకలు పేర్కొనబడినవి. చీనా చక్రవర్తి పంపిన బంగారు వెండి కానుకలు స్వామి సన్నిధికి చేరెనన్నమాట! 1433తో ఆ యాత్రలు నిలిచిపోయెను.

తరువాతి కాలమును త్వరగ దాటుదము. ఏ చక్రవర్తియు హాంగ్‌వువలె రేయింబవళ్ళు పనిచేయలేడు. ప్రధానామాత్యుని నియమించుటకు శాసనము ఒప్పుకొనదు. ఖాళీగనున్న ఆ స్థానము క్రమముగ అంతఃపుర వర్షవరుల చేతిలో పడెను. 1449లో వాంగ్ జెన్ అను వర్షవరుని మాట విని యుద్ధమునకు పోయిన చక్రవర్తి తూము అనుచోట మంగోలులకు బందీగ చిక్కెను. ఇనుప ఫలకమును మాయము చేయించినవాడును ఈ వాంగ్ జెన్ అనియే చెప్పుదురు.

నడుమ నిప్పువంటి మనుష్యులును లేకపోలేదు. చిరంజీవత్వమునకై రసౌషధములు సేవించుచు రాజసభనే మరచిన జియాజింగ్ చక్రవర్తికి 1566లో హై రుయి అను ఉద్యోగి నిష్ఠురమైన విన్నపము సమర్పించెను. అతడు పారిపోకుండ పట్టుకొనుడని చక్రవర్తి గర్జింపగా, అతడు శవపేటికను కొని, ఇంటివారికి వీడ్కోలు చెప్పియే వచ్చినాడని ప్రక్కనున్న వర్షవరుడు మనవి చేసెను. కారాగారమున నుండగా ఒకనాడు అధికారి మృష్టాన్నము పెట్టించెను. అదే తన కడపటి భోజనమని హై రుయి తలంచెను. నిజమునకు చనిపోయినవాడు చక్రవర్తి, ఇతనికి విడుదల. ఆ వార్త విని ఇతడు భోరున నేడ్చి, తిన్నదంతయు వెడలగ్రక్కెను. తనను చంపదలచిన రాజునకై ఏడ్చిన సేవకుడు!

ఇట్టివారిని కాపాడుకొను విద్య ఆ వంశమునకు అలవడలేదు. వాన్‌లి చక్రవర్తి పదేండ్లు నిండని బాలుడుగ 1572లో సింహాసన మెక్కినపుడు జాంగ్ జుజెంగ్ అను మంత్రి పదేండ్లు రాజ్యమును చక్కగ నడిపెను. భూములు కొలిపించి, పన్నులను క్రమపరచి, ధనాగారమును నింపెను. 1582లో ఆయన మరణింపగనే శిష్యుడైన చక్రవర్తి గురువు గౌరవములను తొలగించి, ఆస్తిని హరించెను, పెద్దకుమారుడు ఉరివేసికొనెను. పిదప వాన్‌లి మంత్రులపై అలిగి, 1620లో మరణించువరకు రాజసభకు రావడమే అరుదయ్యెను. ఉద్యోగములు ఖాళీపడినను నింపినవాడు లేడు.

ఇక కడపటివాడు. చోంగ్‌జెన్ 1627లో పదునారేండ్ల వయసున రాజయ్యెను. మనుధర్మశాస్త్రము రాజునకు కామమువలన పుట్టు వ్యసనములు పది, క్రోధమువలన పుట్టు వ్యసనములు ఎనిమిది చెప్పినది. వేట, జూదము, మద్యము, స్త్రీలోలత, పగటినిద్ర మొదలగు కామజ వ్యసనములలో ఈ యువకునకు పట్టుబడినది లేదు. మితముగ భుజించెడివాడు, అర్ధరాత్రి దాటినను పత్రములు చూచెడివాడు. వచ్చిన కొలది మాసములలోనే దేశమును పీడించుచున్న వెయ్ జోంగ్‌షియాన్ అను వర్షవరుని అధికారమును తొలగించెను. రావణుని వలెనో నహుషుని వలెనో మదించి చెడినవాడు కాడు. మన కథలలో రాజులు చెడు తెన్నులలో ఏదియు ఇతనికి పొసగదు. మరి ఏల చెడెను?

కాలము ప్రతికూలించిన మాట నిజము. షాన్‌షీ ప్రాంతమున 1628 మొదలుకొని ఘోరక్షామము. 1630ల చివర నుండి ఉత్తర దేశమంతట అనావృష్టి, మిడుతలు, మహమ్మారి. ఆనాడు భూగోళమున అనేక ప్రాంతములలో చలి యధికమై పంటలు దెబ్బతినెనని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈశాన్యమున మంచూలు 1618 నుండి యుద్ధము సాగించుచుండిరి. యుద్ధవ్యయమునకై పన్నుపై పన్ను వేసిరి. ఆ పన్ను పడినది క్షామపీడితులపైననే. 1629లో వ్యయము తగ్గించుటకు రాజమార్గములపైని తపాలా మజిలీలను తగ్గించిరి. కూడు పోయిన మజిలీ సేవకులలో లి జిచెంగ్ అనువాడొకడు. వాడే తిరుగుబాటు దళములకు నాయకుడయ్యెను. మూలపురుషుడైన జు యువాన్‌జాంగ్ వంటివాడే, ఆకలి పుట్టించిన వీరుడే, ఇప్పుడు ఎదుటి పక్షమున నిలిచెను.

కాని కాలము చేసినది సగము. పదునేడేండ్లలో చోంగ్‌జెన్ సుమారు యేబదిమంది ఉన్నత మంత్రులను మార్చెను. 1626లో మంచూలను ఓడించిన యువాన్ చోంగ్‌హువాన్ అను సేనాని, 1629లో శత్రువులు రాజధానిని సమీపింపగా పరుగున వచ్చి అడ్డుపడెను. అతడే శత్రువులతో కుమ్మక్కయ్యెనని శంకించి, 1630లో నడివీధిలో ఖండఖండములుగ కోయించెను. మంచూలతో రహస్యముగ సంధి మాటలాడుమని యుద్ధమంత్రి చెన్ షిన్‌జియాను తానే నియోగించి, ఆ పత్రము పొరపాటున వెల్లడి కాగా, 1642లో ఆ మంత్రినే వధింపించెను. దీని ఫలము రెండేండ్లకు కనబడెను. 1644లో లి జిచెంగ్ దళములు బీజింగ్‌ను సమీపించుచుండగా, దక్షిణమున నాన్‌జింగ్‌నకు తరలిపోవుట యుక్తమని పెక్కండ్రకు తోచెను, చక్రవర్తికిని తోచెను. కాని సభలో ఆ మాటకు బాధ్యత వహించి నిలువగలవాడెవడు? రేపు నింద వచ్చినచో శిరస్సు పోవునది సలహా చెప్పినవానిదే కదా. సైన్యమునకు జీతములీయ ధనము లేక చక్రవర్తి చేయిచాపగా బంధువులును, ధనికులును లేమి నటించిరి. నగరము చిక్కిన పిదప తిరుగుబాటుదారులు వారిని హింసించి రాశులుగ వెండిని కక్కించిరి.

ఇపుడు మన ప్రశ్నకు వత్తము. మంచూల కాలమున రచింపబడి 1739లో ముగిసిన మింగ్ చరిత్రము, ఈ పతనమునకు నిజమైన ఆరంభము వాన్‌లి కాలమున అని నిర్ణయించెను. హ్వాంగ్ జోంగ్‌షి అను మహాపండితుడు మరియు లోతునకు పోయెను. ఈయన తండ్రి వర్షవరుల దౌర్జన్యమునకు బలియై 1626లో కారాగారమున మరణించెను. తన వంశమును వంచించినవారిని నిందించుటతో తృప్తిపడవలసినవాడు, 1663 నాటి తన గ్రంథమున, మింగ్ కాలమున మంచి పరిపాలనము లోపించుటకు మొదలు హాంగ్‌వు ప్రధానామాత్య పదవిని రద్దుచేయుటలోనే కలదని వ్రాసెను. సొంత దుఃఖమును దాటి కారణమును వెదకిన ఈ బుద్ధి నాకు పూజ్యముగ తోచును.

ఆయన తీర్పును నేనంగీకరింతును, కాని ఒక మెట్టుతో. విత్తనము మూలపురుషునిదే. అది పదవి రద్దుకాదు, అవిశ్వాసము. మనువు చెప్పిన పదునెనిమిదింట దాని పేరు లేదు. ఈర్ష్య కలదు, అసూయ కలదు, ద్రోహము కలదు, అవిశ్వాసము లేదు. నీతికారులు దానిని ఒకానొక ప్రమాణమున గుణముగనే యెన్నిరి. బహుశః అందుచేతనే రాజులు దానిని వ్యసనముగ గుర్తింపరు.

అట్లయినచో చోంగ్‌జెన్ చేయని కర్మకు ఫలమనుభవించెనా? లేదు. ధర్మశాస్త్రమున దాయభాగము నెరిగినవారికి సమాధానము దగ్గరనే యున్నది. తండ్రి ఆస్తిని గ్రహించిన కుమారుడు తండ్రి ఋణమును తీర్పవలయును. సింహాసనము నెక్కినవాడు దానితోపాటు దాని ఋణమును తలకెత్తుకొనెను. అది అన్యాయము కాదు. అయితే యాజ్ఞవల్క్యుడు దీనికొక మినహాయింపు చెప్పెను. మద్యమునకై, జూదమునకై, కామమునకై తండ్రి చేసిన ఋణమును కుమారుడు తీర్పనక్కరలేదు. అనగా తండ్రి వ్యసనమును కుమారుడు తనదిగ చేసికొనవలసిన విధి లేదు. హాంగ్‌వు అవిశ్వాసమును నిరాకరించిన వారసులా వంశమునందే కలరు. 1424లో వచ్చి ఏడాది కూడ నిండకుండ మరణించిన హాంగ్‌షి చక్రవర్తి, తన తండ్రి యోంగ్లె శిక్షించిన విధేయుల కుటుంబములను విడిచిపుచ్చెను. 1487 నుండి 1505 వరకు ఏలిన హాంగ్‌జి మంత్రుల మాట విని, వారిని గౌరవించి రాజ్యమును చక్కదిద్దెను. వారికి సాధ్యమైనది చోంగ్‌జెన్‌కు అసాధ్యమనుటకు హేతువు లేదు. యువాన్ చోంగ్‌హువాన్ వధ తాతది కాదు, తనది.

అయినను ఈ సమాధానము అందరికిని చాలదు. షాన్‌షీ పల్లెలలో చెట్టుబెరడు తిని చనిపోయిన రైతు ఏ దాయమును గ్రహించెను? ఏ సింహాసనము నెక్కెను? ప్రజల పాపపుణ్యములలో రాజునకు భాగమున్నదని శాస్త్రము చెప్పినది. రాజు పాపములో ప్రజకు ఇంత భాగమేల అను ప్రశ్నకు జన్మాంతర కర్మను చూపి తప్పించుకొనుట నాకు ఇష్టము లేదు. శాంతిపర్వమును ఎన్నిమారులు చదివినను, భీష్ముడు ఆ తీర్పును రాజునకు చెప్పెనేగాని, ఆకలిగొన్న ప్రజకు చెప్పలేదని నాకు తోచును. అది నిందకు కొలమానము కాదు. రాజును నిద్రపోనీయకుండుటకు చెప్పిన మాట.

కడపటి దినమున చోంగ్‌జెన్ ఏ వైపు నిలిచెను? తాను రాజ్యమును పోగొట్టు రాజు కాడనియు, మంత్రులే అట్టివారనియు అతడు అంతకుముందే అనెడివాడట. ఏప్రిల్ 25, 1644 వేకువన ఘంట మ్రోగించి మంత్రులను పిలిచెను. ఒక్కడును రాలేదని చెప్పుదురు. రాణి అప్పటికే ఉరివేసికొనియుండెను. కత్తితో కొట్టగా కుమార్తె చేయి తెగెను. ప్రాసాదము వెనుకనున్న గుట్ట యెక్కి అతడు ఉరివేసికొనెను. వయసు ముప్పదిమూడేండ్లు. అతని వస్త్రముపై నున్న వ్రాతను గూర్చి పరంపరగ వచ్చిన వార్త యొకటి కలదు. అందు సగము మరల మంత్రులు తన్ను మోసగించిరను నింద. మిగిలిన సగము, పితరులకు ముఖము చూపలేనని కేశములతో మొగము కప్పుకొనుట, తన దేహమును ఏమి చేసినను ప్రజలలో ఒక్కనికిని హాని చేయవలదని శత్రువును వేడుకొనుట. ఒకే వస్త్రముపై రెండు చేతులు వ్రాసినట్లున్నది.

మంచూలు ఆ మే నెలలో షాన్‌హాయ్ కనుమకడ లి జిచెంగ్‌ను ఓడించి, బీజింగ్‌ను ప్రవేశించి, తాము స్వర్గాజ్ఞను పొందితిమని ప్రకటించుకొనిరి; కడపటి మింగ్ చక్రవర్తికి గౌరవముతో సమాధి గూడ ఏర్పరచిరి. ఆ సమాధి కడనే వాంగ్ చెంగ్‌ఎన్ అనువాని సమాధియును కలదు. మంత్రులును, సేనానులును, బంధువులును రాని ఆ వేకువన గుట్టపైకి రాజు వెంట నడచి, అచ్చటనే తానును ఉరివేసికొనినవాడు అతడు. అతడు వర్షవరుడు.